దిగుడు మడి

కార్తీకంలో మూడోనాటి ముసురు.
రేణిగుంట కంచె లోపల మేం ఆరుగురం,
రబ్బరు బూట్లు, ఆరంజి కోట్లు.
కసువు కోసే మిషను తడిసి మొరాయిస్తే
రేకుల షెడ్డు కింద బొరుగులు తింటా నిలబడినాం.

సాయంత్రం విమానం.
మబ్బులోంచి ముందు లైట్లు, తర్వాత ముక్కు.
రోజూ చూసే కంటికి తెలుస్తుంది
అది నేలను ఏడ తాకాల్నో.
తెల్లచారలు దాటింది. తాకలా.
గాలిసంచి దాటింది. తాకలా.
"ఏందిమే, ఇంకా పైనే ఉండాది" అనింది దేశమ్మ
బుగ్గలో బొరుగులు అట్నే పెట్టుకోని.

తాకింది, ఆఖరికి.
రెండు పక్కలా నీళ్ళు లేచినాయి
దాని రెక్కల కంటే ఎత్తుగా.
చక్రాలు తిరగలా, జారినాయి,
తడి పలక మీద బలపం మాదిరి.
ఇంజన్లు ఎదురు అరిచినాయి.
తారు అయిపోయింది,
అరుపు అయిపోలా.

తారు అయిపోయిన చోట ఏముందో
లోపల కూచున్న నూటా నలభై మందికీ తెలీదు.
నాకు తెలుసు.

అది మా దిగుడు మడి.
ఎర్రమన్ను పైన, జేనెడు లోతున జిగటమన్ను.
వానాకాలం నాయన బండి
ఇరుసు దాకా దిగబడితే
ఎద్దుల్ని విప్పి, చక్రాల కింద ఈతమట్టలు పరిచి
మేమంతా భుజాలిచ్చేవాళ్ళం.
నాయన ఆ మడిని మనిషిని తిట్టినట్టు తిట్టేవాడు.
"దీని నోట్లో మన్ను పడ!"
మళ్ళీ తనే నవ్వేవాడు,
మన్ను నోట్లో ఇంకా మన్నేందిరా అని.

రన్‌వే పొడుగు చెయ్యాలని కొలతలకొచ్చిన సారుకి
ఒక కాలి చెప్పు దాంట్లోనే ఉండిపోయింది.
ఒంటి చెప్పుతో నిలబడి రాసుకున్నాడు,
సాగుకు పనికిరాదు.
ఆ రెండు మాటలకి ఎకరా మీద లక్షా ఇరవై తగ్గింది.
వేలిముద్ర వేసే ముందు నాయన అడిగినాడు
"పనికిరానిది మీకెందుకు సార్?"
ఆ ప్రశ్న మాత్రం ఎవరూ రాసుకోలా.

ఇప్పుడు దాంట్లోకే వచ్చింది, అంత ఇనుమూ.
ముందుచక్రం మునిగింది.
పొట్ట కింద మన్ను చిమ్మింది.
గోడ అవతల తిరపతి బస్సుల రోడ్డు,
బస్సులు పోతానే ఉండాయి.
గోడకి ఇరవై బారల ఇవతల
మడి గుప్పిట మూసింది.

నిమిషం సేపు వాన సద్దు ఒకటే.

ఆ పైన తలుపులు, పసుపు జారుడుబండలు,
ఏడుపులు, గోవిందలు.
మేం పరిగెత్తినాం. నా బూటు ఒకటి ఊడింది.
చీలమండ విరిగిన ఒకామెను
నేనూ దేశమ్మా చేతులు కలిపి ఎత్తుకున్నాం.
ఇంకొకామె చెప్పులు పోయి, మోకాలి దాకా బురదలో
వణకతా చెప్పింది,
అలిపిరి నుంచి ఒట్టి కాళ్ళతో ఎక్కుతానని మొక్కుకున్నానని.
"సామి ఈడి నుంచే నడిపిస్తా ఉండాడు, పదమ్మా"
అనింది దేశమ్మ.

పైలట్ చివర దిగినాడు. టోపీ లేదు.
వంగి, పిడికెడు మన్ను తీసి,
పిసికి, వేళ్ళ మధ్య చూసుకున్నాడు.
అచ్చం విత్తనానికి ముందు రైతు చూసినట్టు.
నన్నేదో అడిగినాడు హిందీలో.
నాకు రాదు.
"దిగుడు మడి" అన్నా.
తలూపినాడు, ఏం అర్థమయ్యిందో.

తర్వాత ఎందరో వచ్చినారు.
గాలిని కొలిచినారు, నీళ్ళను కొలిచినారు,
టైర్లకు ఫొటోలు తీసినారు.
విమానాన్ని లాగడానికి చెన్నై నుంచి పెద్ద క్రేను.
సూపర్‌వైజర్ జయచంద్రకి చెప్పినా,
ఈతమట్టలు పరచమనండి సార్ అని.
"అది నీ ఎద్దులబండి అనుకున్నావా?"
నవ్వినాడు. ఇంజనీర్లూ నవ్వినారంట.

మూడో పొద్దుకి క్రేను దిగబడింది.

అందరూ గొడుగుల కింద గుమిగూడి
దాని చక్రాలకేసి చూస్తా ఉంటే
నేను కాస్త దూరంగా, కొడవలి చంకలో పెట్టుకోని,
ఎవరికీ ఇనపడకుండా అన్నా,
దీని నోట్లో మన్ను పడ.